పేడ వాసన తెలిసిన పుస్తకాలు

ఈ మధ్య నేను చదువుతున్నవన్నీ మెత్తటి పుస్తకాలే. పిల్లల కథలు, జంతువుల పుస్తకాలు, ఇంకా ఈ కొన్నేళ్ళుగా జపాన్ నుంచి, కొరియా నుంచి ఇంగ్లిష్‌లోకి వరసగా వస్తున్న కాఫీ కొట్టు నవలలు, పాత పుస్తకాల షాపు నవలలు. వీటిని కోజీ ఫిక్షన్ అంటున్నారు. మా అబ్బాయి హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడల్లా ఒకటో రెండో తెచ్చిపెడతాడు. "అమ్మా, ఇందులో ఏ ఘోరమూ జరగదు, ధైర్యంగా చదువుకో" అంటాడు. తీరా చదివితే చాలావాటిలో ఎవరో ఒకరు చనిపోయి ఉంటారు, లేదా చనిపోబోతూ ఉంటారు. నాకు ఆ పుస్తకాలు నచ్చడానికి అదీ ఒక కారణమే.

నేను పశువుల డాక్టర్ని. ప్రకాశం జిల్లాలో ఒక మండల కేంద్రంలో నా పని. ఉదయం ఆసుపత్రి, ఆ తర్వాత ఊళ్ళ మీద తిరగడం. గాలికుంటు టీకాలు వేసే రోజుల్లో తెల్లారకముందే దొడ్ల దగ్గర ఉండాలి, గేదెలు మేతకు వెళ్ళాయంటే మళ్ళీ సాయంత్రం దాకా దొరకవు. పశువులకు లంపీ అనే చర్మరోగం వచ్చిన ఏడాది ఒళ్ళంతా గడ్డలు తేలిన దూడల్ని చూసి చూసి, ఇంటికొచ్చి బరువైన నవల తెరవాలంటే చేతులు రాలేదు. అప్పుడు మొదలైంది ఈ మెత్తటి పుస్తకాల అలవాటు. ఇప్పుడు పని కాస్త తెరిపిన పడినా ఆ అలవాటు పోలేదు, పోనివ్వాలని కూడా లేదు.

అయితే వీటిలోనూ నాకొక పట్టింపు ఉంది. పుస్తకంలో హాయి ఉందంటే, ఆ హాయి ఎవరి కష్టం వల్ల వస్తోందో నాకు కనబడాలి. కాఫీ ఎవరు కలిపారు, కప్పులు ఎవరు కడిగారు, పిల్లి కక్కింది ఎవరు తుడిచారు. ఆ పని చేసే మనిషి పేజీలో ఉంటే నాకు ఆ పుస్తకం మీద నమ్మకం కుదురుతుంది. లేకపోతే అట్ట మీద బొమ్మ ఎంత ముద్దుగా ఉన్నా ముప్ఫై పేజీలు దాటలేను.

ఈ లెక్కన అందరికంటే ముందు నిలబడేది జేమ్స్ హెరియట్, ఆయనా పశువుల డాక్టరే. వెటర్నరీ కాలేజీ హాస్టల్లో చేతులు మారి అట్ట ఊడిపోయిన కాపీ ఒకటి ఉండేది, అది చదివాను. ఈ వానాకాలంలో ఆల్ క్రీచర్స్ గ్రేట్ అండ్ స్మాల్ మళ్ళీ మొదటి నుంచి చదివాను. అప్పుడు నవ్వొచ్చిన చోట్లు మాత్రమే గుర్తున్నాయి. ఇప్పుడు చదువుతుంటే ఆయన భుజం నొప్పి నాకు తెలుస్తోంది.

ఆయన అసలు పేరు జేమ్స్ ఆల్ఫ్రెడ్ వైట్. 1916లో పుట్టాడు, గ్లాస్గోలో పెరిగి అక్కడే పశువైద్యం చదివాడు. 1940లో ఇంగ్లండులో యార్క్‌షైర్‌లోని థర్స్క్ అనే చిన్న ఊరికి పనిలో చేరడానికి వచ్చి, జీవితమంతా అక్కడే ఉండిపోయాడు. పుస్తకాల్లో ఆ ఊరికి డారోబీ అని పేరు పెట్టి, కథని 1937కి జరిపాడు. రాయడానికి కూర్చునేసరికి వయసు యాభై దాటింది. సొంత పేరుతో రాస్తే తన ప్రాక్టీసుకి ప్రచారం చేసుకున్నట్టు అవుతుందని, పశువైద్యులకు అది కూడదని మారుపేరు వెతుక్కున్నాడు. టీవీలో ఫుట్‌బాల్ చూస్తుంటే బర్మింగ్‌హామ్ సిటీ గోల్‌కీపర్ జిమ్ హెరియట్ కనబడ్డాడు, ఆ ఇంటిపేరు తీసేసుకున్నాడు. మొదటి పుస్తకం 1970లో వచ్చింది. ఈ వివరాలన్నీ నాకు ఎందుకు ముఖ్యమంటే, పగలంతా దొడ్లలో పనిచేసిన మనిషి రాత్రిపూట ఇంట్లో కూర్చుని, ఇంకా ఒంటికి ఆ వాసన ఉండగానే రాసిన పుస్తకాలివి. అది ప్రతి పేజీలో తెలుస్తుంది.

మొదటి అధ్యాయమే ఈత కష్టమైన పశువుతో మొదలవుతుంది. అర్ధరాత్రి, చలి, తలుపులోంచి గాలి. హెరియట్ చొక్కా విప్పేసి రాళ్ళు పరిచిన నేల మీద బోర్లా పడుకుని, చెయ్యి భుజం దాకా లోపల పెట్టి ఉంటాడు. దూడ తల వెనక్కి తిరిగిపోయి ఉంది. చదువుకున్న పుస్తకాల్లో ఇలాంటివేవీ చెప్పలేదే అనుకుంటాడు. పక్కన నిలబడ్డ రైతు చుట్టం ఒకాయన, ఫలానా డాక్టరైతే ఇలా చేసేవాడు, అలా చేసేవాడు అని చెబుతూనే ఉంటాడు.

ఆ చుట్టం ప్రతి ఊళ్ళోనూ ఉన్నాడు. మా మండలంలో ప్రతి దొడ్లోనూ ఉన్నాడు. తల వెనక్కి తిరిగిన దూడని సరిచేయాలంటే ముందు దాన్ని లోపలికి నెట్టి చోటు చేసుకోవాలి. మనం నెడుతుంటే తల్లి ముక్కుతుంది. ముక్కినప్పుడల్లా దాని కటి ఎముకకీ దూడకీ మధ్య మన చెయ్యి ఇరుక్కుంటుంది. కాసేపటికి వేళ్ళు మొద్దుబారి, పట్టుకున్నది చెవో దవడో తెలియకుండా పోతుంది. ఇవతల నిలబడ్డవాళ్ళకు ఇదంతా కనబడదు. వాళ్ళకు కనబడేది ఒక ఆడమనిషి పేడలో పడుకుని ఏం మాట్లాడకుండా ఉండటం. హెరియట్ రాసినదాంట్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఆ మౌనాన్ని లోపలి నుంచి చెప్పడం. ఎంతసేపు పట్టిందో, మధ్యలో ఎన్నిసార్లు ఇక కాదనుకున్నాడో దాచకుండా చెబుతాడు. అందుకే దూడ తల ఊపి ఊపిరి తీసుకున్నప్పుడు చదివేవాళ్ళకు కూడా ఒళ్ళు తేలికవుతుంది.

అంతా అయ్యాక రైతు, ఏమైనా తాగడానికి ఇస్తే బాగుంటుందా అని అడుగుతాడు. అలసిపోయిన హెరియట్ మురిసిపోయి, చాలా సంతోషమండీ అంటాడు. రైతు తన ఆవు సంగతి అడుగుతున్నాడని అప్పుడు తెలుస్తుంది. ఈ ముక్క మా కాంపౌండరుకి చెబితే నవ్వలేదు. "అంతే కదా మేడమ్, ముందు గొడ్డుకే కదా పట్టేది" అన్నాడు.

అదే పుస్తకంలో ఒక పెద్దాయన, ఆయన ముసలి కుక్క ఉంటారు. భార్య పోయాక ఆయనకు మిగిలింది ఆ కుక్కే. దానికి నయంకాని కంతి. నొప్పి లేకుండా నిద్రపుచ్చడం తప్ప చేయగలిగింది లేదు. పని అయ్యాక ఫీజు ఎంతని అడుగుతాడు ఆయన. హెరియట్ ఏమీ వద్దంటాడు. బండి ఎక్కబోతుంటే ఆయన వెనకే వచ్చి, ఏదో పండక్కి దాచుకున్నట్టు దాచుకున్న ఒక చుట్ట తెచ్చి చేతిలో పెడతాడు. ఇది చదివి పుస్తకం పక్కన పెట్టి కొంచెంసేపు బయట కూర్చున్నాను. డబ్బు తీసుకోకపోతే మనుషులు చిన్నబుచ్చుకుంటారు, ఏదో ఒకటి ఇచ్చేదాకా వాళ్ళకు తోచదు. నా బండి డిక్కీలో సొరకాయలు, దోసకాయలు, ఒకసారి గోంగూర కట్టలు వచ్చి చేరింది ఇలాగే.

హెరియట్ ఇంకోచోట రాసిన బ్లాసమ్ అనే ముసలి ఆవు కథ గురించి కూడా చెప్పాలి. పొదుగు బాగా జారిపోయి, పక్క ఆవులు తొక్కి చన్ను దెబ్బతింటున్న ఆవు. దాన్ని ఇక ఉంచుకుని లాభం లేదని రైతు డేకిన్ అమ్మకానికి తోలిస్తాడు. పశువుల్ని తోలుకుపోయే మనిషి వెంట వెళ్ళిన ఆ ఆవు, ఎలా తప్పించుకుందో, ఒక్కతే తిరిగి పరుగెత్తుకొచ్చి తన కట్టుకొయ్య దగ్గరే నిలబడుతుంది. డేకిన్ ఎక్కువ మాట్లాడడు. దూడలకు పాలివ్వడానికి ఉంచుకుంటానంటాడు. మా వైపు వట్టిపోయిన గేదె విషయంలో తండ్రి ఒక మాట, కొడుకు ఒక మాట చెప్పుకుని నా దగ్గర పంచాయితీకి వస్తారు. "డాక్టరమ్మా, మావాడు సంతకు తోలమంటున్నాడు. మళ్ళీ కడుతుందని నువ్వొక మాట చెప్పమ్మా" అని ఒక పెద్దాయన చాటుగా అడిగాడు. పరీక్ష చేసి ఉన్నదే చెప్పాను, ఉన్నది ఆయనకు కావాల్సిన మాట కాదు. మేత ఖర్చు కొడుకుది. ఆ కొడుకునీ తప్పుపట్టలేను. డేకిన్ కథలో నాకు నచ్చింది ఆవు తిరిగి రావడమొక్కటే కాదు, దాన్ని ఉంచుకోవడానికి ఆయన ఒక లెక్క వెతుక్కోవడం. ప్రేమకు కూడా దొడ్లో ఒక లెక్క చూపించాలి.

పిల్లల పుస్తకాల సంగతికి వస్తే, మా మేనల్లుడు సెలవులకు వచ్చినప్పుడు ఇద్దరం కలిసి షార్లెట్స్ వెబ్ చదివాం. వాడు మూడో తరగతి. నేను ఇంగ్లిష్‌లో చూసుకుంటూ తెలుగులో చెబుతుంటే వాడు నా ఒళ్ళో కాళ్ళు వేసుకుని వినేవాడు. ఇరవై రెండు అధ్యాయాలు. రాత్రికి ఒకటి అనుకున్నాం గానీ, వాడు ఒకదానితో వదిలేవాడు కాదు.

ఇ.బి.వైట్ 1952లో వేసిన పుస్తకం ఇది. మొదటి పేజీలోనే తండ్రి గొడ్డలి పట్టుకుని బయటికి వెళుతుంటాడు. పందికి పుట్టిన పిల్లల్లో ఒకటి మరీ బక్కది, బతకదు, దాన్ని తీసేయాలి. కూతురు ఫెర్న్ పరుగెత్తి ఆ గొడ్డలి పట్టుకుంటుంది. పిల్లల పుస్తకాన్ని ఇలా మొదలుపెట్టడానికి ఎంత ధైర్యం కావాలి! పైగా అది నిజం. ఈత పెద్దదైనప్పుడు చివరి పిల్లకి చన్ను దొరకదు. సీసా పట్టే ఓపిక ఎవరికైనా ఉంటే బతుకుతుంది. ఫెర్న్‌కి ఆ ఓపిక ఉంది, అందుకని విల్బర్ బతికాడు. ఆ తర్వాత వాణ్ణి కాపాడే పని షార్లెట్ అనే సాలెపురుగు మీద పడుతుంది.

ఈ పుస్తకం వెనక ఇంకో పంది ఉంది. వైట్‌కి అమెరికాలో మెయిన్ రాష్ట్రంలో చిన్న పొలం ఉండేది. వసంతంలో పందిపిల్లని కొని, పెంచి, చలికాలంలో మాంసానికి కోయడం అక్కడి పద్ధతి. 1947లో అలా పెంచుతున్న పందికి జబ్బు చేసింది. ఆయన దానికి ఆముదం పట్టించాడు, డాక్టర్ని పిలిపించాడు, రాత్రుళ్ళు వెళ్ళి చూసుకున్నాడు. అది చచ్చిపోయింది. తర్వాతి ఏడాది దాని మీద ఒక వ్యాసం రాశాడు. కోయడానికి పెంచిన జీవం కోసం అంత తల్లడిల్లడం ఏమిటని బయటివాళ్ళకు అనిపించవచ్చు. మా ఊళ్ళలో పొట్టేళ్ళు పెంచేవాళ్ళకు అది కొత్తగా అనిపించదు. దసరాకి అమ్మేయబోయే పొట్టేలుకి జ్వరం వస్తే రాత్రి పదకొండుకి ఫోన్ చేస్తారు, ఆ గొంతులో టెన్షన్ ఒక్క డబ్బు కోసమే కాదు. విల్బర్‌ని బతికించి తీరాలని వైట్ పట్టుబట్టింది ఆ మొదటి పంది వల్లేనని నేను నమ్ముతాను.

సాలెపురుగు విషయంలో కూడా ఆయన బాగా చదువుకునే రాశాడు. షార్లెట్ ఇంటిపేరు కావాటికా, అది దొడ్లలో గూడు కట్టే ఆ సాలెపురుగు శాస్త్రీయ నామం లోంచి తీసుకున్నది. గుడ్ల సంచి పెట్టాక తల్లి బతకదు. ఆయన ఆ నిజాన్ని మార్చలేదు. షార్లెట్ చనిపోయే పేరా చాలా చిన్నది, ఆమె పక్కన ఎవరూ లేరని చెప్పి ఊరుకుంటాడు.

మావాడు ఏడవలేదు. "అత్తా, నిజంగానే అంతేనా?" అన్నాడు. "చాలా సాలెపురుగులు అంతేరా" అన్నాను. "మరి పిల్లలకి ఎవరు నేర్పిస్తారు?" అన్నాడు. ఎవరూ నేర్పించరు, పుట్టడంతోనే వాటికి గూడు అల్లడం వచ్చు అని చెబితే చాలాసేపు ఆలోచిస్తూ పడుకున్నాడు. మర్నాడు మా మరదలు బూజుకర్ర తీస్తే అడ్డం నిలబడ్డాడు. "వదినా, పండక్కి ఇల్లు దులపాలి, వీడు గోడ ముట్టుకోనివ్వడం లేదు. పడుకోబోయే ముందు పిల్లాడికి ఈ చావుల కథలు ఎందుకు చెప్పావు?" అంది. ఆమె అడిగినదాంట్లో న్యాయం ఉంది. నేను ఆమెకు చెప్పిందల్లా ఒక్కటే, వాడు నిన్న సాలెపురుగుని చూస్తే చెప్పు తీసేవాడు, ఇవాళ దాని వెనక గుడ్లు ఉన్నాయేమోనని వెతుకుతున్నాడు. చివరికి స్టోర్‌రూమ్ మూల ఒకటి వదిలి మిగతాదంతా దులిపించాం.

అదే ఊపులో వాడికి రైలుబడి చదివి వినిపించాను. ఇది విజయవాడ పుస్తకాల పండగలో కొని ఉంచుకున్న తెలుగు పుస్తకం, కనుక వాడు కొన్ని పేజీలు తనే చదివాడు. తెత్సుకో కురొయనాగి తన చిన్నతనం గురించి 1981లో జపాన్‌లో రాసిన తొత్తోచాన్‌కి అనువాదం ఇది, తొత్తోచాన్ అంటే చిన్నప్పటి ఆమే. పాత రైలుపెట్టెల్లో నడిచే తొమోయె అనే బడి, పిల్ల చెప్పేదంతా నాలుగు గంటలపాటు విన్న హెడ్మాస్టరు కొబయాషి గురించి అందరూ చెబుతారు, చెప్పాల్సిందే. నేను మాత్రం ఈసారి జంతువుల కోసం చదివాను. తొత్తోచాన్‌కి రాకీ అని ఒక కుక్క. తోడేలు ఆట ఆడుతుంటే రాకీ కొరికి ఆమె చెవి దాదాపు తెగి వేలాడుతుంది. ఆ పిల్ల ఏడుస్తూ అమ్మానాన్నలతో మళ్ళీ మళ్ళీ చెప్పేది ఒకటే, రాకీని తిట్టొద్దు, దాన్ని వదిలెయ్యొద్దు అని. కుక్క కాటు అంటే సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి, టీకా వేయించాలి అని ఊరూరా చెప్పే మనిషిని నేను. ఆ మాటల్లో ఒక్కటీ తగ్గించకుండానే, ఆ పిల్ల భయపడినది తన చెవి గురించి కాదని చదివి కదిలిపోయాను.

తిరునాళ్ళలో కోడిపిల్లలు కొనిపెట్టమని ఏడ్చే అధ్యాయం కూడా ఉంది. అమ్మానాన్నలు అవి బతకవని ముందే చెబుతారు. అయినా కొంటారు, కొద్ది రోజులకే అవి పోతాయి. మన దగ్గర కూడా తిరునాళ్ళలో గులాబి, ఆకుపచ్చ రంగులు పూసి కోడిపిల్లల్ని అమ్ముతారు. గుడ్ల కోళ్ళ హేచరీల్లో మగపిల్లలు ఎవరికీ అక్కర్లేదు, అవే ఇలా గంపలకెక్కుతాయి. పుట్టిన మొదటి వారంలో వాటికి సుమారు 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. ఇంట్లో అట్టపెట్టెలో ఆ వేడి ఉండదు, రాత్రికి ముడుచుకుపోతాయి. కొనేవాళ్ళు బల్బు ఒకటి వేలాడదీస్తే సగమైనా నిలుస్తాయి. కురొయనాగి అమ్మానాన్నల్ని నేను మెచ్చుకునేది ఎందుకంటే, వాళ్ళు ముందు నిజం చెప్పారు, తర్వాత ఆ పిల్ల తన దుఃఖం తను పడటానికి చోటిచ్చారు. బడి 1945 బాంబు దాడుల్లో కాలిపోతుంది. రాకీ కూడా ఒకరోజు కనిపించకుండా పోతుంది. ఇన్ని పోగొట్టుకున్న పుస్తకం ఇంత సంతోషంగా ఎలా ఉందో చెప్పమంటే, ఆ బడిలో ఎవరో ఒక పెద్దవాళ్ళు ఎప్పుడూ పిల్లల పనిలో మునిగి ఉంటారు, అదే కారణం అంటాను.

కాఫీ కొట్ల నవలల గురించి త్వరగా చెప్పేస్తాను. తోషికాజు కవగుచి రాసిన కాఫీ నవలలో గతంలోకి వెళ్ళవచ్చు గానీ, కప్పులో కాఫీ చల్లారేలోపు తిరిగి రావాలి, పైగా ఏం చేసినా వర్తమానం మారదు. ఆ రెండో షరతే పుస్తకాన్ని నిలబెట్టింది. మొరిసాకి పుస్తకాల షాపు నవలలో మనసు విరిగిన అమ్మాయి టోక్యోలోని జింబోచో వీధిలో మామయ్య షాపు పైగదిలో నిద్రపోతూనే ఉంటుంది, తర్వాత మెల్లగా కింద కౌంటర్లో కూర్చుంటుంది. కూర్చున్నాకే నాకు ఆమె నచ్చింది. మిగిలినవి చాలా ఉన్నాయి, అట్ట మీద పిల్లి, లోపల ఓదార్పు. ఆ పిల్లికి ఆకలేయదు, ఎదకు రాదు, మూత్రం బిగియదు. మనుషుల బాధ తీర్చడానికి తప్ప దానికి వేరే బతుకు లేదు. మగపిల్లికి మూత్రం బిగిస్తే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికి వస్తుంది. పిల్లిని మందుగా చూపించే పుస్తకాలు అలాంటి సంగతి ఒక్కటైనా చెబితే, చదివి పిల్లిని తెచ్చుకునేవాళ్ళకు మేలు జరుగుతుంది.

ఈ గుంపులోంచి పైకి లేచిన పుస్తకం హిరో అరికవ రాసిన ది ట్రావెలింగ్ క్యాట్ క్రానికల్స్. కథ చెప్పేది నానా అనే పిల్లి. జపనీస్‌లో నానా అంటే ఏడు, తోక ఏడు అంకెలా వంగి ఉంటుందని ఆ పేరు. వీధి పిల్లిగా పెరిగింది, కారు గుద్దితే సతోరు అనే కుర్రాడు చేరదీశాడు. కొన్నేళ్ళ తర్వాత సతోరు దాన్ని వ్యానులో ఎక్కించుకుని పాత స్నేహితుల ఇళ్ళకు ఒక్కొక్కటిగా తిరుగుతాడు, ఎవరైనా దీన్ని పెంచుకుంటారేమోనని. ఎందుకు ఇవ్వాలనుకుంటున్నాడో మనకు మెల్లగా తెలుస్తుంది. నానా చివరిదాకా పిల్లిగానే ఉంటుంది, దాని పొగరు దానిదే, దాని ఇష్టం దానిదే. తను పోయాక తన జంతువు ఏమవుతుందన్న దిగులు నా దగ్గరికి వచ్చే ముసలివాళ్ళందరిలో ఉంది. ఆ దిగులుని తీసుకుని ఒక ప్రయాణంగా మలిచారు, అదీ ఒక్క పేజీలో కూడా విసుగు పుట్టించకుండా. కోజీ అనే మాట కింద ఈ పుస్తకం దొరికినందుకు ఆ మాటకే రుణపడి ఉన్నాను.

జెరాల్డ్ డరెల్ రాసిన మై ఫ్యామిలీ అండ్ అదర్ ఏనిమల్స్ చాన్నాళ్ళ క్రితం ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీద కొన్నాను, మళ్ళీ తీశాను. జంషెడ్‌పూర్‌లో 1925లో పుట్టిన మనిషి, 1935 నుంచి 1939 దాకా గ్రీసులోని కార్ఫు దీవిలో గడిపిన చిన్నతనం. అగ్గిపెట్టెలో తల్లి తేలుని, దాని వీపు మీద పిల్లలతో సహా దాచిపెడితే, అన్నగారు సిగరెట్ వెలిగించుకోబోయి ఆ పెట్టె తెరిచే భోజనాల సన్నివేశం మావాడికి చెప్పాను. తర్వాత రోజంతా మా ఇంట్లో అగ్గిపెట్టెలన్నీ నేనే తెరిచి చూసుకున్నాను. ఇలా పురుగుల్ని పోగేసుకున్న పిల్లవాడే పెద్దయ్యాక 1959లో జెర్సీ దీవిలో జూ పెట్టి, అంతరించిపోయే జాతుల్ని పెంచి అడవికి తిరిగి పంపే పని మొదలుపెట్టాడు. మారిషస్ గులాబి పావురం ఇవాళ మిగిలిందంటే అందులో ఆ జూ చేతి పని ఉంది.

పావురం అంటే చిత్రగ్రీవుడు. చిన్నయసూరి 1853లో వేసిన నీతిచంద్రికలో గోదావరి ఒడ్డున బూరుగు చెట్టు, వలలో పడ్డ పావురాలు, వల కొరికే ఎలుక హిరణ్యకుడు. మనలో చాలామందికి బడిలో పరిచయం. హిరణ్యకుడు ముందు తన స్నేహితుడి కట్లు కొరకబోతే, నా వాళ్ళ కట్లు ముందు తెంచు అంటాడు చిత్రగ్రీవుడు. ధనగోపాల్ ముఖర్జీ అనే బెంగాలీ రచయిత అమెరికాలో ఉంటూ 1927లో ఇదే పేరున్న ఒక కలకత్తా పావురం కథ రాశాడు, దానికి 1928లో అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబెరీ మెడల్ వచ్చింది. ఈ చిత్రగ్రీవుడు మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులో సిపాయిల ఉత్తరాలు మోస్తాడు. గాయం మానుతుంది, భయం మానదు. రెక్కలు బాగానే ఉన్నా ఎగరడు. హిమాలయాల్లో ఒక బౌద్ధ మఠంలో లామా దగ్గర ఉంచాక ఆ భయం పోతుంది. దెబ్బ మానాక కూడా కాలు కింద పెట్టని ఎద్దుని, బండి చప్పుడుకి వణికే కుక్కని చూసినవాళ్ళకు ఇది కల్పన అనిపించదు. వాటికి మందు ఇచ్చే పని కన్నా పక్కన కూర్చునే పని ఎక్కువ.

పెరుమాళ్ మురుగన్ పూనాచ్చి కూడా ఇదే వరసలో చదివాను. నల్ల మేకపిల్ల కథ, తమిళంలో 2016లో వచ్చింది, నేను ఇంగ్లిష్ అనువాదం చదివాను. అంతకుముందు ఒక నవల మీద జరిగిన గొడవతో ఆయన 2015లో తనలోని రచయిత చనిపోయాడని ప్రకటించాడు. ముందుమాటలో మనుషుల గురించి రాయాలంటే భయం, దేవుళ్ళ గురించి ఇంకా భయం, ఆవు, పంది అసలు కుదరవు, మేకలైతే ఫరవాలేదు అని రాశాడు. ఆ రాజ్యంలో ప్రతి మేకకూ చెవి కుట్టి నంబరు వేయాలి. దాన్ని పెంచే ముసలమ్మ ఆ మేకపిల్లని చంకనేసుకుని లైన్లో నిలబడుతుంది, ఇది ఎక్కడ పుట్టింది, ఎవరిచ్చారు అని అధికారి గద్దిస్తాడు. పన్నెండు అంకెల పసుపు ట్యాగు చెవులకు వేసేది నేనే. టీకాల లెక్కకు, బీమాకు, రోగం ఎక్కడ మొదలైందో పట్టుకోవడానికి అది అవసరం, ఆ మాట మీద నేను గట్టిగా నిలబడతాను. ఆ అధ్యాయం చదివాక మాత్రం ట్యాగు వేసే ముందు గొడ్డు పేరు అడుగుతున్నాను. పేరు లేని గేదె చాలా అరుదు.

ఇక డాక్టర్ కేశవరెడ్డి అతడు అడవిని జయించాడు. దీన్ని మెత్తటి పుస్తకమని ఎవరూ అనరు. పొద్దుగూకే వేళకు ఈనబోతున్న పంది ఇంటికి రాదు, ముసలివాడు బల్లెం పట్టుకుని వెతుక్కుంటూ అడవిలోకి వెళతాడు. రాత్రంతా నక్కల నుంచి దాన్నీ దాని పిల్లల్నీ కాచుకోవాలి. తీరా ఈనిన పంది తనను పెంచిన మనిషినే నమ్మదు, మీదికి వస్తుంది. ఆ ప్రవర్తన అక్షరాలా నిజం, ఈనిన పంది దగ్గరికి యజమాని కూడా జాగ్రత్తగానే వెళ్ళాలి. రాసినాయన నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిలో పనిచేసిన డాక్టరు, పుట్టింది చిత్తూరు జిల్లా. రోగి ఒంటి మీద చెయ్యి వేయడం తెలిసినవాడు రాశాడని తెలిసిపోతూనే ఉంటుంది. హెరియట్‌లో నాకు నచ్చినదంతా ఇందులో ఉంది, పని వెలిసేసరికి దొరికే టీ ఒక్కటి తప్ప.

మావాడు అట్ట మీద పంది బొమ్మ చూసి ఇది విల్బర్ కథలాంటిదేనా అని అడిగాడు. అలాంటిదే గానీ నీకు ఇంకొన్నేళ్ళు ఆగాక అన్నాను. ఈ విషయంలో మరదలూ నేనూ ఒకే మాట మీద ఉన్నాం. సంక్రాంతి సెలవులకు వస్తే ఇద్దరు చిత్రగ్రీవుల కథలూ వరసగా చెబుతానని ఒప్పుకున్నాను. ఎలుక వాటా తను చదువుతానన్నాడు.